పేరు లేని బిళ్ళ

ప్రపంచానికంతటికీ ఒకే డబ్బు ఉండాలని గొంతు చించుకొనే మనిషిని నేను ఇంతవరకు ఒక్కణ్ణే చూశాను. తమాషా ఏమిటంటే, వాడి జేబులో ఏ దేశం డబ్బూ ఉండేది కాదు. పేరు ఉమామహేశ్. ఊరు మొలగవంక. కర్నూలు జిల్లా పడమటి కొసన, ఆలూరు దాటి ఇంకా లోపలికి పోవాలి. కర్నూలులో గ్రూప్స్ కోచింగ్‌కు చేరినప్పుడు మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. నాది కమలాపురం. మాకు పొలముంది, యర్రగుంట్ల దారిలో నాపరాళ్ళు పాలిష్ పట్టే చిన్న ఫ్యాక్టరీ ఉంది. అందుకని రెండుసార్లు పరీక్ష తప్పగానే నేను బుద్ధిగా ఇంటికొచ్చేశాను. ఉమామహేశ్‌కు తిరిగి రావడానికి అలాంటిదేమీ లేదు కాబట్టి రాస్తూనే ఉన్నాడు. ఇప్పుడు వాడికి ముప్పై దాటాయి.

గదిలో అన్నం ముందు కూర్చుంటే చాలు, మొదలుపెట్టేవాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేటప్పుడు అన్ని దేశాలకూ కలిపి ఒక లెక్కడబ్బు పెడదామని ఇంగ్లండు పెద్దమనిషి ఒకాయన సభలో ప్రతిపాదించాడట. అమెరికావాళ్ళు పడనివ్వలేదట. ఆ సంగతి చెప్పేటప్పుడు, అమెరికావాళ్ళు వాడి కంచంలోంచి ముద్ద లాక్కున్నట్టు మొహం పెట్టేవాడు. నేను ఊరికే ఉండక గ్రీసు దేశం సంగతి తీసేవాణ్ణి. యూరో పెట్టుకున్నారు, కష్టకాలం వస్తే తమ డబ్బు విలువ తాము తగ్గించుకొనే దారి కూడా లేకుండా పోయింది కదరా అనేవాణ్ణి.

"అది సగం పని సామీ. సగం వండిన అన్నం తిని కడుపునొప్పి వచ్చిందంటే తప్పు బియ్యానిదా?" అనేవాడు.

పుస్తకాల పిచ్చి అనుకున్నాను చాన్నాళ్ళు. ఒకసారి వాళ్ళ ఊరికి పోయి వాళ్ళక్కను చూశాక గానీ అది ఎక్కడ పుట్టిందో నాకు అర్థం కాలేదు.

అక్క పేరు లక్ష్మక్క. వాడికంటే పన్నెండేళ్ళు పెద్దది. పెళ్ళయిన నాలుగేళ్ళకు భర్త పోతే పుట్టింటికే వచ్చింది. అమ్మా నాయనా కూడా పోయాక తమ్ముణ్ణి ఆమే సాకింది. సాకడమంటే కూలికి పోవడమే. వాన లేని ఆ నేలలో చలికాలం వచ్చిందంటే ఊళ్ళకు ఊళ్ళు ఇళ్ళకు తాళాలేసి, లారీలెక్కి, మిరపకాయల కోతకు గుంటూరు పోతాయి. దాన్ని వాళ్ళు సుగ్గికి పోవడం అంటారు. లక్ష్మక్క ప్రతి ఏడూ పోయింది. తమ్ముణ్ణి మాత్రం హాస్టల్లో పెట్టి పోయేది. మిగతా పిల్లలంతా తల్లుల వెంట లారీలెక్కి, బడి మానుకొని, చివరికి కోతగాళ్ళే అయ్యారు. "నా తమ్ముడు సుగ్గి లారీ ఎక్కడు" అని ఆమె ఊరందరి దగ్గరా చెప్పుకొనేది. ఆమెకున్న గొప్ప అదొక్కటే.

మొలగవంకలో ఆమె రోజుకు ఒక కూలి. ఊరి పక్క వాగు, వాళ్ళు వంక అంటారు, అది దాటి బళ్ళారి పక్క పోతే ఇంకో కూలి. గుంటూరులో మరొకటి. ఒకసారి బళ్ళారి పక్క జొన్నలు కొలిచి ఇచ్చారట. ఇంటికొచ్చి మళ్ళీ కొలిస్తే తక్కువొచ్చాయి. ఆ ఊరి సేరు చిన్నది. అప్పుడు ఉమామహేశ్ ఆరో తరగతి.

"మనిషి అదే, చేతులు అవే, ఎండ అదే. ఒక వంక దాటితే మా యక్క రోజు ఎట్ల మారిపోతాది? చెప్పు సామీ" అని నన్ను నిలదీశాడు. డాలరూ యూరో అంతా పైపై మాటలు. వాడి లోపల ఉన్నది ఆ జొన్నల మూట.

సరే, నిరుడు ఎండాకాలం పోతూ ఉండగా ఫోన్ చేశాడు. "ఒరే భూపేషూ, మీ ఫ్యాక్టరీలో రాళ్ళు కోసినాక ముక్కలు మిగుల్తాయి గదా, ఏం జేస్తారు?"

"పారబోస్తాం. నీకెందుకు, ఇల్లు కడ్తాండావా?"

అప్పుడు చెప్పాడు. వాళ్ళ పక్క ఆడవాళ్ళలో బదులు పని అని ఒక పద్ధతుంది. ఈ రోజు నేను నీ చేనికి కలుపు తీయడానికి వస్తే, రేపు నువ్వు నా చేనికి రావాలి. కలుపు తీసే కాలంలో ఎవరి చేతుల్లోనూ డబ్బు ఆడదు కాబట్టి ఆ పద్ధతి నిలిచింది. కానీ అది ఇద్దరి మధ్యనే నడుస్తుంది, ఒక ఊళ్ళోనే నడుస్తుంది. చేను లేని మనిషికి దానితో ఉపయోగమే లేదు. ఉమామహేశ్ ఆలోచన ఏమిటంటే, రోజు పనికి ఒక రాతిబిళ్ళ. నా చేనికి వచ్చినవాళ్ళకు నేను బిళ్ళ ఇస్తాను. వాళ్ళు ఆ బిళ్ళతో మూడు ఊళ్ళలో ఎవరినైనా పిలుచుకోవచ్చు. మొలగవంక, ఎర్రదొడ్డి, పెద్దకొట్టాల, మూడింటికీ ఒకటే బిళ్ళ. ఏ పనైనా, ఎవరైనా, రోజుకు రోజే.

"ప్రపంచం కాకుంటే పోనీలే, మూడూర్లతో మొదలుపెడ్తా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది గానీ, ముక్కలు పారబోసేవే కదా, చేయించి ఇచ్చాను. నల్లటి నాపరాయి, గుండ్రంగా, అరచేతిలో పట్టేంత. అంచులు మిషన్ మీద నున్నగా పట్టించాను. అలాంటి అంచు ఊళ్ళో ఎవడూ చేయలేడు కాబట్టి దొంగబిళ్ళల భయం లేదు. దారానికి గుచ్చుకోవడానికి మధ్యలో చిల్లు పెట్టించాను. ఎవరి బిళ్ళ వాళ్ళకు తెలిసేటట్టు పేర్లు చెక్కిద్దామా అని అడిగితే ఫోన్‌లోనే గట్టిగా అరిచాడు.

"పేరు వద్దు! ఊరు వద్దు! పేరుంటే అది బాకీ అయితాది, డబ్బు కాదు."

లక్ష్మక్కకు అందులో సగమే అర్థమైంది. ఆ సగమూ నచ్చింది. ఎందుకంటే ఆమె ఆ ఏడు ఒక సాహసం చేసి ఉంది. బోరు ఉన్న రెండెకరాలు గుత్తకు తీసుకొని ఉల్లి నాటింది. ఆ పక్క ఎర్రగడ్డ అంటారు. పంట చేతికొస్తే ఆ చలికాలం సుగ్గికి పోనక్కర లేదు, తమ్ముడి కోచింగ్‌కు ఇంకొకరి ముందు చేయి చాచనక్కర లేదు. అయితే ఉల్లి పీకే రోజున పది చేతులుంటే చాలవు, ముప్పై కావాలి. కూలి ఇవ్వడానికి డబ్బు లేదు. ముందుగా ఊళ్ళ మీద పడి పనిచేసి బిళ్ళలు కూడబెట్టుకుంటే, ఆ రోజున అందరినీ పిలుచుకోవచ్చు.

చావడి దగ్గర మూడు ఊళ్ళ ఆడవాళ్ళనూ కూర్చోబెట్టి ఆమే మాట్లాడింది. "బిళ్ళ ఎవురు తెచ్చినా, ఏ ఊరోళ్ళు తెచ్చినా, కాదనగూడదు. ముందు నేను కాదనను. నన్ను చూసి మీరు తీసుకోండి." ఉమామహేశ్ మాటకు ఆ ఊళ్ళలో ఎవరూ పెద్దగా విలువ ఇవ్వరు. లక్ష్మక్క మాట మీద తీసుకున్నారు. మొదట ఇంటింటికీ సమానంగా పంచారు.

నిజం చెప్పొద్దూ, నడిచింది! నేను బాగా ఆశ్చర్యపోయాను. ఎర్రదొడ్డిలో కృపమణి అని చేను లేని మనిషి. బదులు పనికి ఆమెను ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, తిరిగి ఆమెకు ఏ చేనిలో బదులు తీర్చాలి? ఇప్పుడు అందరికంటే ఎక్కువ బిళ్ళలు ఆమెవే. వాటితో మేస్త్రీని పిలిచి కారుతున్న మిద్దె బాగుచేయించుకుంది. ఆమె చీర అంచు నుంచి ఎర్రదారం పీకి, బిళ్ళలన్నీ గుచ్చి, నడుముకు కట్టుకొని తిరిగేదట. పెద్దకొట్టాలలో జొన్నరొట్టెలు అమ్మే ఆమె కూడా బిళ్ళ తీసుకొని రొట్టెలిచ్చిందట. ఆ రోజు ఉమామహేశ్ ఫోన్‌లో ఏడ్చినంత పని చేశాడు.

"రొట్టెకు చెల్లిందిరా భూపేషూ! రొట్టెకు చెల్లిందంటే అది దుడ్డే!"

"జాగ్రత్త. రిజర్వు బ్యాంకోళ్ళు జీపేసుకొని వస్తారు" అన్నాను. వాడు నిజంగానే కాసేపు భయపడ్డాడు.

రొట్టెకు చెల్లే వస్తువు మరి దేనికైనా చెల్లుతుంది. ఆ సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. మూడు ఊళ్ళ మగవాళ్ళకు మాత్రం వెంటనే తోచింది. ఆ పక్క పేకముక్కలను ఇస్పేట్ ఆకులు అంటారు. అవి పట్టుకున్న చోటికి పోలీసులు వస్తే ముందు చూసేది మధ్యలో పరిచిన డబ్బు. డబ్బు దొరికితే కేసు. నాపరాయి ముక్కలు దొరికితే ఏం కేసు పెడతారు? పెద్దకొట్టాల వెనక కానుగచెట్ల కింద ఆట మొదలైంది. ఇంట్లో ఆడవాళ్ళు నడుము వంచి సంపాదించిన రోజులు అక్కడ ఆకుల మధ్య చేతులు మారాయి. వెనకటి బదులు పనిని ఏ మొగుడూ జూదంలో పెట్టలేకపోయాడు. 'మా ఆడమనిషి రేపు మీ ఆడమనిషికి బదులు రావాలి' అనే మాటను ఎవడు పందెంగా ఒప్పుకుంటాడు? బిళ్ళయితే ఒప్పుకున్నారు.

ఉల్లి పీకే కాలానికి నేను ఆదోనిలో పని చూసుకొని అట్లాగే మొలగవంక పోయాను. నా రాళ్ళ వైభవం కళ్ళారా చూద్దామని. లక్ష్మక్క రొట్టె, పచ్చిమిరపకాయల కారం పెట్టింది. ఉల్లి బాగా ఊరింది. ఆకు పసుపుబారి ఒరిగిపోయింది. ఆమె దగ్గర పెద్ద బిళ్ళల దండ ఉంది. ఎల్లుండి అందరినీ పిలవాలని నిశ్చయించుకుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిందని టీవీలో చెబుతున్నారు. ఆకాశంలో మాత్రం ఇంకా ఏమీ లేదు.

ఆ సాయంత్రమే మద్దిలేటి వచ్చాడు. పెద్దకొట్టాలలో పదెకరాల ఆసామి. వెంట అయిదారుగురు ఆడవాళ్ళు, వాళ్ళలో కృపమణి కూడా ఉంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మద్దిలేటి భుజం మీది తువ్వాలు మూట దించి, ముడి విప్పి, అరుగు మీద పోశాడు. అన్నీ బిళ్ళలే.

"లచ్చుమక్కా, రేపట్నుంచి మూన్నాళ్ళు. మీ ఊరోళ్ళు, ఎర్రదొడ్డోళ్ళు అందరూ కావల్ల. నాదీ ఎర్రగడ్డే. వాన వస్తాదంటాండారు."

"ఇన్ని యాడియప్పా నీకు? నువ్వు ఒకరి చేన్లో గడ్డి పరక పీకినోడివి కాదే!" అంది లక్ష్మక్క.

"పీకలేదు. ఆడినా, గెల్చినా. దొంగతనం చేసినానా?"

కుప్పలోంచి ఎర్రదారానికి గుచ్చిన దండ ఒకటి బయటికి కనబడుతూ ఉంది. కృపమణి దాన్ని చూపించింది. "అది నాదే అక్కా. యాడో పడిపోయినాయని చెప్పినాడు మా ఇంటాయన యేసుప్రసాదు. వెతుకుతా ఉంటే తానూ నాతో పాటు వెతికినాడు, మొగంలో ఏమీ కనపడనీకుండా." ఆ మాటకు పక్కనున్న ఆడవాళ్ళు నవ్వబోయి ఆగిపోయారు. వాళ్ళ మొగుళ్ళ సంగతీ అంతే కదా.

ఉమామహేశ్ గబగబా ముందుకొచ్చాడు. "ఇవి చెల్లవు. పని చేసి సంపాదించినవే బిళ్ళలు. ఆటలో గెల్చినవి లెక్కలోకి రావు."

మద్దిలేటి ఒక బిళ్ళ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "యాడ రాసుండాది అట్లని? నాకు కనపళ్ళేదు. ఇది గెల్చింది, ఇది పనిచేసింది అని నువ్వు ఏరి ఇయ్యి, నేను పోతా."

ఉమామహేశ్ చేతిలోకి తీసుకున్నాడు కూడా. రెండు మూడు తిప్పి చూసి మళ్ళీ పెట్టేశాడు. నున్నటి అంచు, మధ్యలో చిల్లు, అన్నీ ఒకటే. మా ఫ్యాక్టరీ పనితనం అంత బాగున్నందుకు నాకు ఆ పూట సంతోషం కలగలేదు.

మద్దిలేటి మరీ రాక్షసుడేమీ కాదు. "నీ చేనూ పండింది, నాకు తెలుసు. నువ్వు ఒక్కదానివి రావద్దులే లచ్చుమక్కా, నిన్ను విడ్చిపెడ్తా" అన్నాడు. ఒక్క మనిషి రెండెకరాలు పీకలేదని అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

"వద్దనక్కా! ఒక్క మాట అను చాలు, ఎవరూ పోరు" అన్నాడు ఉమామహేశ్.

అది నిజమే. ఆడవాళ్ళందరూ ఆమె మొహమే చూస్తున్నారు. ఆమె కాదంటే మూడు ఊళ్ళలో ఎవరూ మద్దిలేటి చేనికి పోరు. ఎల్లుండి అందరూ ఈమె చేనికి వస్తారు. ఉల్లి ఇంటికొస్తుంది. ఆమె అరుగు మీద చెదిరిన బిళ్ళలను కుప్పగా దగ్గరికి చేసింది.

"రాయి మీద పేరుండగూడదని చెప్పింది నువ్వే గదప్పా మహేశా. ఈ పొద్దు ఆయప్పవి చెల్లవంటే, ఎల్లుండి నావి ఎట్ల చెల్లుతాయి? నన్ను చూసి తీసుకున్యారు ఈళ్ళంతా." కొంగు బిగించింది. "పొద్దున్నే వస్తామప్పా. నేను రాకుండా వీళ్ళను ఏ మొగం పెట్టుకొని పంపేది?"

మరుసటి రోజు ఆమె అందరికంటే ముందు పోయింది. తమ్ముడు ఒక్కడే అక్క చేనిలో దిగాడు. జీవితంలో కలం తప్ప ఏమీ పట్టని చేతులు. మధ్యాహ్నానికి వేళ్ళు పగిలాయి. నేను గట్టు మీద కూర్చొని చూశాను. ఊరికే చూస్తూ కూర్చుంటే బాగోలేదని నేనూ దిగాను, రెండు మళ్ళు అయ్యేసరికి నడుము పట్టేసింది. తెల్లవారుజామున కృపమణీ ఇంకో ఇద్దరూ వచ్చి, మద్దిలేటి చేనికి పోయే ముందు కాసేపు పీకి పోయారు. వాళ్ళు బిళ్ళ అడగలేదు, ఇవ్వాలని మాకూ తోచలేదు. మూడో రోజు సాయంత్రం నేను కమలాపురం బయలుదేరాను. ఆలూరు దగ్గరే వాన అందుకుంది.

ఆ వాన నాలుగు రోజులు ఆగలేదు. మద్దిలేటి ఉల్లి అప్పటికే టార్పాలిన్ కింద ఉంది. లక్ష్మక్క చేనిలో ఆరబెట్టడానికి పీకి పరిచినవే ముందు కుళ్ళాయట. అంటే ఉమామహేశ్ పీకినవి. నేలలో ఉన్నవాటిలో మిగిలింది గుత్తకూ విత్తనానికీ సరిపోలేదు. ఆ సంగతి వాడు నాకు ఫోన్‌లో రెండే మాటల్లో చెప్పాడు. డాలరు గురించీ యూరో గురించీ ఏమీ అనలేదు. నాకు భయమేసింది.

మద్దిలేటి మాత్రం మాట తప్పలేదు. మనిషికి మూడు బిళ్ళల చొప్పున లెక్కగా ఇచ్చాడట. వాటిని మళ్ళీ ఎవరూ వాడలేదు. మూడు ఊళ్ళలో ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోకుండానే మానేశారు. కొన్ని బిళ్ళలు తలుపులు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొచ్చాయి. ప్రపంచానికి ఒకే డబ్బు వస్తుందా అని నన్నెవరైనా అడిగితే నాకు తెలియదంటాను. మూడు ఊళ్ళకు వచ్చి నాలుగు నెలలు ఉండింది, అది మాత్రం చూశాను.

చలికాలంలో బళ్ళారికి బండల లోడు పంపి, వెనక నేనూ పోతూ మొలగవంకలో ఆగాను. వీధిలో సుగ్గి లారీ నిలబడి ఉంది. మూటలు, బిందెలు, గ్యాస్ పొయ్యిలు ఎక్కిస్తున్నారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన కూలీల మేస్త్రీ పేర్లు రాసుకుంటున్నాడు. లక్ష్మక్క ఇంటికి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, తాళంచెవి కొంగుకు ముడివేసుకుంది. నన్ను చూసి నవ్వింది. "ఏమప్పా భూపేషూ, రొట్టె పెట్టేదానికి కూడా పొయ్యి మూట కట్టేస్తిమే!" పంట పోయినప్పుడు కూడా ఆమె ఏడవలేదని కృపమణి చెప్పింది.

మేస్త్రీ కృపమణి పేరు రాశాడు, లక్ష్మక్క పేరు రాశాడు. "ఇంకెవరు?" అన్నాడు.

"ఉమామహేశ్" అని వెనక నుంచి వినిపించింది. వాడు భుజాన దుప్పటి మూటతో నిలబడి ఉన్నాడు. ముందుగా ఆమెకు చెప్పినట్టు లేదు.

లక్ష్మక్క తిరిగి చూసింది. తరువాత లారీ చక్రానికి ఆనుకొని, అందరి ముందూ, నోటికి కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. "నిన్ను ఎక్కియ్యగూడదనే గదరా, నిన్ను ఎక్కియ్యగూడదనే గదరా" అని అదే మాట అంటూ ఏడ్చింది. నాకు ఎటు చూడాలో తెలియలేదు. ఉమామహేశ్ ఆమె చేతిలోంచి బిందె తీసుకొని లారీలోకి అందించాడు.

మేస్త్రీకి ఇవన్నీ మామూలే. రాసుకుంటూనే ఉన్నాడు. "కొత్తోడివా? పర్లేదులే. మగోళ్ళకు రోజుకు నూరు ఎక్కువ" అన్నాడు.

ఉమామహేశ్ తలెత్తాడు. మిరపచేను ఎప్పుడూ చూడని తన చేతులకేసి, పాతికేళ్ళుగా కోసి కోసి గోళ్ళు అరిగిన అక్క చేతులకేసి చూశాడు. నోరు తెరిచాడు. మేస్త్రీతో ఏదో అనబోతున్నాడని అక్కడున్న అందరికీ అర్థమైంది.

లక్ష్మక్క కళ్ళు తుడుచుకుంది. "ఇయ్యనీ, తీసుకో. ఏం మాట్లాడొద్దు" అంది. "ఎక్కప్పా."

వాడు నోరు మూసుకొని ఎక్కాడు.